బొట్టు పెట్టుకోని రోజు

కమ్మనహళ్ళిలో మందుల షాపు మీద మా గది.
బల్ల ఒకటి, కుర్చీలు ఆరు, చెరిపినా చెరగని తెల్లబోర్డు.
మంగళ, గురువారాల్లో నేను కంపెనీ మేనేజర్ని.
బల్లకి అటువైపు కూర్చుని గొంతు కాస్త బిగించి
"మీ గురించి చెప్పండి" అంటాను.
వకుళ చాలాసేపు ఆలోచించి అడిగింది:
"ఎక్కణ్ణుంచి? పుట్టిన దగ్గర్నుంచా?"

నవ్వాను.
తప్పు నా ప్రశ్నలో ఉందని తర్వాత తెలిసింది.

ఇరవై ఆరో ఏట డాక్టరు ఆటిజం అని రాసిచ్చేదాకా
ఇంట్లో దాని పేరు పొగరు.
అప్పటికే ఏడు ఇంటర్వ్యూలు.
ఏడు చోట్లా "చూద్దాం" అన్నారట.
చూస్తారనే అనుకుని
సోమవారం సోమవారం ఫోన్ చేసి "చూశారా?" అని అడిగేదట.
ఇప్పుడు తన నోటుబుక్కులో ఒక పేజీ ఉంది.
చూద్దాం – వద్దు.
నోడోణ – అదే, కన్నడంలో.
వీలున్నప్పుడు చెయ్యి – ఇప్పుడే చెయ్యి.
ఏమీ అనుకోకు – అనుకునేదే చెప్పబోతున్నారు.
ఊరికే – ?
ఆ ప్రశ్నార్థకం దగ్గర నాకూ ఏం రాయాలో తోచలేదు.

కళ్ళలోకి చూడటం దగ్గర మూడు వారాలు ఆగిపోయాం.
"చూస్తే వినపడదు. వింటే కనపడదు.
మీకు రెండిట్లో ఏది కావాలి?" అంది.
నా దగ్గరో కిటుకుంటే ఇచ్చాను.
కళ్ళకి కాస్త పైన, కనుబొమల మధ్య,
నా బొట్టు కేసి చూడు. ఎదుటివాళ్ళకి తేడా తెలీదు.
కుదిరింది.
తనకి వచ్చిన పనేమిటో, ఏ శబ్దానికి ఆగిపోతుందో,
ఎంతసేపటికి తేరుకుంటుందో
అన్నీ నా బొట్టుకి చెప్పుకుంది.

మరో గురువారం హడావిడిలో
బొట్టు మర్చిపోయి వచ్చాను.
"మీ గురించి చెప్పండి."
వకుళ నా నుదుటి మీద వెతికింది.
వెతికి వెతికి, బల్ల కింద వేళ్ళు నలుపుకుంటూ
"ఇవాళ మీరు ఎక్కడున్నారు?" అంది.

ఆ రాత్రి నాగవార దగ్గర బస్సు నలభై నిమిషాలు కదల్లేదు.
కిటికీ అద్దంలో నా మొహం.
ముందున్న కారు బ్రేక్ లైటు
సరిగ్గా నుదుటి మీద పడింది.
ఈ కిటుకు నాకెవరు నేర్పారు?
అమ్మా? ఊహూఁ. అక్కా? తనకి దాని అవసరమే రాలేదు.
మదనపల్లెలో తొమ్మిదో తరగతి,
సైన్సు మేడం మెరూన్ తిలకాన్ని పట్టుకుని
ఆ ఏడాదంతా ఈదాను.
నాకు నేనే కనిపెట్టుకున్నాను.
నలభై నాలుగేళ్ళొచ్చాయి.
ఎవరి కళ్ళు ఏ రంగో అడిగితే చెప్పలేను.
మా ఆయనవి కూడా.

మంగళవారం బల్లని గోడకి జరిపేశాను.
పక్కపక్కన కూర్చున్నాం, ఇద్దరం కిటికీ వైపు.
కింద జ్యూసు బండి మనిషి దానిమ్మకాయ ఒలుస్తున్నాడు.
"మొన్న బిల్లుల్లో తేడా వస్తే ఏం చేశావో చెప్పు" అన్నాను.
పదకొండు నిమిషాలు చెప్పింది.
ఎర్రటి గింజలు గిన్నెలో రాలుతుంటే
ఒక్క ముక్క పోకుండా విన్నాను.

తర్వాత వైట్‌ఫీల్డు కంపెనీకి నేనే వెళ్ళాను.
ప్రశ్నలు ముందురోజే పంపండి.
చెప్పే పని కాగితం మీద పెట్టండి.
ఆమె సీటు మీది ట్యూబ్‌లైటుని ఒకసారి వినండి.
"వినడమా?" అన్నాడు మేనేజరు చెంగప్ప.
గడియారం చూసుకుని "నోడోణ" అన్నాడు.
నోటుబుక్కు పేజీ గుర్తొచ్చి
నేను కుర్చీలోంచి లేవలేదు.
"సరే, చూడండి. ఇక్కడే ఉంటాను."
కాసేపటికి ఆయన బూట్లు విప్పి, కుర్చీ ఎక్కి,
లైటుకి చెవి పెట్టాడు.

చేరిన రోజు పదీ పద్నాలుగుకి మెసేజ్ వచ్చింది.
"లైటు మార్చారు. నిశ్శబ్దంగా ఉంది. పని చేస్తున్నాను.
మీకు ఊరికే చెప్తున్నాను."