తొడిమ కూలి

ఎనుమాముల యార్డు వెనక మా రేకుల షెడ్డు.
పద్నాలుగు మంది ఆడోళ్లు, ముక్కుకు కొంగు,
మిర్చి తొడిమలు తీస్తరు.
రోజుకు మూడొందల యాభై.
హాజరు పుస్తకం తెరిస్తే చాలు, తుమ్మొస్తది.

లెక్కలు చూసే ప్రభంజన్ అన్నడు:
"ఇద్దర్ని తగ్గియ్యి కాకా,
నెలకు పద్దెనిమిది వేల చిల్లర మిగుల్తయ్."
ఎవలిద్దర్ని?
పేర్లు నాకెందుకన్నట్టు పెన్నుకు మూత పెట్టిండు.

రాత్రి షెడ్డుల ఒక్కన్నే కూసున్న.
కరెంటు బిల్లు బతిమాలితే తగ్గదు.
కోల్డ్ స్టోరేజీ కిరాయికి చెవుల్లేవు.
మాట వినేది కూలొక్కటే,
అందుకే కత్తెర ఎప్పుడూ అటే నడుస్తది.

కొంరవ్వ పేరు మీద పెన్ను ఆగింది.
డెబ్బై దగ్గర పడ్డది, మెల్లగ తీస్తది;
ఆమె కుప్పల తాలుకాయ ఒక్కటి దొరకదు.
కొట్టెయ్యలే.
జాలి కాదు, ధైర్యం చాలలే.

మర్నాటి నుంచి పగటి మూడింటి చాయ బందు పెట్టిన.
నెలకు మూడువేల ఆరువందల నలభై.

నాలుగోనాడు వాళ్లే ఫ్లాస్కు తెచ్చుకున్నరు.
ఎవ్వలేమనలే.
కొంరవ్వ మూతల ఇంత వంచి
నా టేబుల్ మీద పెట్టి పోయింది.
అంచుకు ఆమె వేళ్ల కారం.

పొద్దూకింది.
పెదవి ఇంకా మండుతనే ఉన్నది.