చలి

ఫకతతివాలో రాత్రి ఏడు.
కార్నేషన్ షెడ్డుల నుంచి నేరుగా వచ్చినవాళ్ళు
వేళ్ళకి ఆకుపసరుతోనే
చిన్నపిల్లల బెంచీల్లో ఇరుక్కుంటారు.

బోర్డుకి నిలువునా గీత గీస్తాను.
ఇటు మన మాట, అటు ఇంగ్లీషు.

కోర్తో: ఐ కట్.
"ప్రొఫే, ఇటువైపు 'నేను' ఏదీ?"
ఉంది, క్రియ తోకలో, ఆ చివరి 'ఓ'లో దాక్కుని.
అటువైపు దాక్కోవడం కుదరదు.
ముందే నిలబడాలి, నిటారుగా, పెద్దక్షరమై.
బెంచీలన్నీ ఇబ్బందిగా కదిలాయి.

కోర్తామోస్: వి కట్.
కోస్తాం అన్నా అదే, కోశాం అన్నా అదే,
రెండు వైపులా.
"మరి నిన్నో ఇవాళో ఎలా తెలుస్తుంది?"
"ప్రేమికుల రోజు ముందు తెలిసేదేముంది" అన్నాడు నెఫ్తాలీ,
పద్నాలుగు గంటల డ్యూటీ దిగి వచ్చినవాడు.

తూ: యూ.
ఉస్తెద్: యూ.
సుమెర్సే, మా కొండల్లో పుట్టిన ఆ తమరు,
ముద్దూ మర్యాదా కలిపి ముద్ద చేసిన మాట:
కాస్త ఆగి, అదీ యూ.

ఎదెల్మీరా చెయ్యెత్తింది.
బొయాకా మనిషి. నోరు విప్పడం అదే మొదలు.

"మా ఆయన నన్ను ముప్ఫై యేళ్ళూ ఉస్తెద్ అనేవాడు.
కుక్కనీ ఉస్తెద్ అనే అదిలించేవాడు.
ఒక్కసారి మాత్రం,
ఆసుపత్రి వరండాలో, మంచం మీంచి,
తన రువానా నా మీదికి తోస్తూ
తియెనెస్ ఫ్రీయో, అన్నాడు.
తియెనె అనలేదు ప్రొఫే. తియెనెస్.
చివర 'స్' ఉంది. నేను విన్నాను.
పళ్ళు వణికి వచ్చిందేమో అంటుంది మా చెల్లెలు.
ఆ 'స్' ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలి?"

యూ ఆర్ కోల్డ్, అని రాశాను.
మనకి చలి ఉంటుంది, జేబులో చిల్లరలాగా.
వాళ్ళు మనిషినే చల్లన చేస్తారు.
'స్' పట్టే చోటు కనిపించలేదు.

"వాళ్ళకి 'స్' లేనే లేదా?"
ఉంది. కానీ నువ్వు అనే మనిషికి దక్కదు.
హి కట్స్. హి వాక్స్.
ఎదురుగా లేనివాళ్ళ వెనకే నడుస్తుంది.

ఆమె తల ఊపి రాసుకుంది.
సుద్దపొడి దులుపుకుంటూ నేను
పది వాక్యాలు ఇంటిపని ఇచ్చాను, అన్నీ 'హి'తో.

శుక్రవారం నోట్సులు దిద్దుతున్నాను.
ఆమె తొమ్మిది వాక్యాలూ సూపర్వైజర్ మీద:
అరుస్తాడు, లెక్కపెడతాడు, మళ్ళీ లెక్కపెడతాడు.
ఎక్కడా 'స్' తప్పిపోలేదు.

పదోది:
హి హ్యాజ్ కోల్డ్.

తప్పు. అటువైపు అలా అనరు.
'హ్యాజ్' కొట్టేసి 'ఈజ్' అని రాయాలి.
ఎర్ర పెన్ను దాకా వెళ్ళింది చెయ్యి.
దిద్దితే ఆ వాక్యం ఏమవుతుందో
ఒకసారి లోపలే చదువుకున్నాను.

మూత పెట్టేసి
నెఫ్తాలీ నోట్సు అందుకున్నాను.