చ్చు, ద్దు

ప్రకాశం బజారు సందుల మా ఫ్లెక్సు దుకాణం.
గంటకు పది బ్యానర్లు.
ఇక్కడ జీతం వేళ్ళకు, కళ్ళకు కాదు.

నిరుడు నేనే కొట్టిన:
"ఉచిత కల్లు పరీక్ష శిబిరం".
పొద్దుగాలనే ఇద్దరు గౌండ్లాయనలు
లొట్లతో వచ్చి బడి ముందల కూసున్నరు.
డాక్టరు నవ్విండు, ఊరు నవ్వింది,
సేటు నా జీతంల ఆరువందలు కోసిండు.
ఇంకోసారి పెండ్లి కార్డుల
వధువు పక్క వు ఎగిరిపోయింది.
ఆ ఇంట్ల ఎవ్వరూ నవ్వలే.

జంగయ్య తాత అప్పుడే చెప్పిండు.
సీసం అక్షరాలు తిరగేసి పేర్చిన మనిషి,
పాత ప్రెస్సు తూకానికి పోయినంక
మా మిషన్ పక్క స్టూలు మీద మిగిలిన మనిషి.
"ముందునుంచి చదివితే
అర్థం వచ్చి కన్ను మూస్తది బిడ్డా.
వాక్యం తోక పట్టుకొని ఎనకకు నడువు."
విన్న. నడవలే.

మార్చిల వచ్చింది ఆఫీసు ఆర్డరు:
బోర్ల కాడ పెట్టే రేకు బోర్డులు, నలభై రెండు,
ఎర్ర రంగు, ఎడమ దిక్కు బిందె బొమ్మ.
కాగితం కింద పచ్చ సిరా సంతకం,
"సరిచూడబడినది" అని గుండ్రటి ముద్ర.
ముద్ర పడ్డంక నేనెవరు?
ప్రింటు మీద వేలు పెట్టిన.

తాత లేచిండు.
లేసుడంటే ఆయనకు మూడు పనులు:
గోడ పట్టుడు, మోకాళ్ళను ఒప్పించుడు,
నడుమును మరిచిపోవుడు.
స్క్రీన్ దాకా వచ్చి
కుడి నుంచి ఎడమకు గొణిగిండు:
"చ్చు. వ. గ. తా."
ఆగిండు.

ఫ్లోరైడు ఎక్కువ. ఈ నీళ్ళు తాగవచ్చు.

పాత ఫైలు మీద కొత్త ఫైలు,
ద్దు ఉండాల్సిన కాడ చ్చు.
గోరంత అక్షరం.
దానికి ఇవతల నిండు బిందె,
అవతల తాత కాళ్ళు.

ఆయన అరవలే.
"మా బాయికి బోర్డే లేకుండె," అన్నడు.
"లేకుంటె తెల్వక తాగుతం.
ఉండి తప్పు చెప్తే, నమ్మి తాగుతం."

ఆఫీసుకు ఫోన్ చేసిన.
"ముద్ర ఉంది కదా?" అన్నరు.
ఉంది సార్. అదే చెప్తున్న.

బిల్లు బుక్కుల రేకుకు గడి ఉంది,
రంగుకు, మేకులకు, ఆటో కిరాయికి ఉంది.
దిద్దినందుకు లేదు.
కింద నేనే ఒక గీత కొట్టి రాసిన:
జగయ్య, 100.

తాత చీటీని చివరి నుంచి చదివిండు.
పెన్ను అడిగి తీసుకున్నడు.
"వందల ఒక సున్న తీసుకో బిడ్డా,
నా పేరుల సున్న నాకియ్యి."