నూగు

పీపా అంటే మనకు కిరసనాయిలు గుర్తొస్తుంది.
ఫూజియన్ తీరంలో ఆ మాటకు
ఒళ్లో నిలబెట్టి మీటే తీగల వాద్యం అని అర్థం.
ఆకు దాని బుర్రలా ఉంటుంది కాబట్టి
చెట్టుకీ అదే పేరు.

జానెడు పొడవు, రంపపు అంచు,
పైన ముదురు పచ్చ, గట్టిగా,
వాన పడితే తోలు మీద పడ్డట్టు మోగుతుంది.
తిప్పి చూడు:
తుప్పు రంగు నూగు, పిల్లి పొట్ట మీద ఉన్నట్టు.

దగ్గుకు మందు ఆ ఆకు.
దగ్గు తెప్పించేది దాని నూగు.

కే యూషియాంగ్ పని ఆ రెంటినీ విడదీయడం.
మందుల కొట్టు వెనక వసారాలో
ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, తాటిపీచు కుంచెతో,
ఈనె నుంచి అంచుకి, ఈనె నుంచి అంచుకి,
రోజుకు మూడు బుట్టలు.
సాయంత్రానికి ఆమె కనురెప్పలు కూడా
తుప్పు పట్టినట్టుండేవి.

కొత్తగా చేరిన వెంగ్ బో మొదటిరోజే అడిగాడు,
ఇంత సన్నటిది, నీళ్లలో ఉడికితే పోదా అని.
ఆమె వాదించలేదు.
తోమని ఆకు చిటికెడు కాచి
కప్పులో పోసి ఇచ్చింది.
ఆ రాత్రంతా కుర్రాడు గొంతు గీరుకుంటూ కూర్చున్నాడు.
తెల్లారి, రెండో కుంచె ఎక్కడుందని అడిగాడు.

కొట్టు మీది గదిలో ఆమె మొగుడు, యావ్ టింగ్‌హే.
పంతొమ్మిదేళ్లు కొండలు తొలిచినవాడు,
రైలు కోసం, రోడ్డు కోసం,
ఒకచోట దేనికోసమో కూడా చెప్పలేదట.
నీళ్లు చల్లకుండా డ్రిల్లు వేస్తే
పని తొందరగా తెములుతుంది.
సొరంగంలోంచి బయటికొచ్చాక
ఒకరినొకరు ఆనవాలు పట్టలేక నవ్వుకునేవాళ్లు,
అందరం పిండిమరలోంచి వచ్చినట్టున్నామని.

ఆ పిండి ఇప్పుడు లోపల ఉంది.

పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే ఇస్తే
కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి చూసింది.
నల్లటి ఆకులు రెండు. మధ్యలో ఈనె.
ఆకుల నిండా తెల్లటి నూగు.
బొటనవేలు దానంతటదే కదిలింది,
ఈనె నుంచి అంచుకి
రుద్దింది ఆ ఫిల్ము మీద.
డాక్టరమ్మ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

పరిహారం కాయితానికి కంపెనీ ముద్ర కావాలన్నారు.
కంపెనీ ఇప్పుడు లేదు.
సొరంగం ఉంది. రోజుకు నలభై రైళ్లు వెళ్తాయి.

రాత్రుళ్లు తేనెలో వేయించిన ఆకు
గుడ్డలో మూటగట్టి, కాచి,
మేడ మెట్లెక్కేది.
దానివల్ల ఏమీ కాదని ఆమెకు తెలుసు.
తూచి ఇచ్చే ముసలి యజమానికి తెలుసు,
అందుకే త్రాసు ఎప్పుడూ కాస్త మొగ్గేది.
తాగేవాడికి అందరికన్నా ఎక్కువ తెలుసు.
"ఇవాళ... ఆకు... బాగా... తోమావు" అనేవాడు.
నాలుగు మాటలకి మూడు మజిలీలు.

మే నెలలో పళ్లొచ్చాయి.
మెట్టు మీద కూర్చుని రెండు తిన్నాడు,
రసం మోచేతి దాకా కారింది.
గింజలు నున్నగా ఉన్నాయని
పారేయకుండా పిడికిట్లో పెట్టుకున్నాడు.
తర్వాత అవి పగిలిన కషాయం కుండలో,
ఇంత మట్టిలో.

చలికాలం, మిగతా చెట్లన్నీ ముడుచుకున్నప్పుడు
పీపా పూస్తుంది.
అలాంటి ఒక మధ్యాహ్నం
పై గదిలో దగ్గు ఆగింది.
కింద కుంచె కూడా ఆగింది.
వెంగ్ బో తలెత్తాడు.
ఆమె చేతిలో ఉన్న ఆకు సగమే తోమి ఉంది.
దాన్ని పూర్తి చేసి, బుట్టలో వేసి,
ముక్కుకున్న గుడ్డ విప్పి,
మెట్లెక్కింది.

ఇప్పటికీ రోజుకు మూడు బుట్టలు.
తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు,
ఆమె తోమిన ఆకే కావాలంటారు.

కుండలో మొక్క మోకాలెత్తు అయింది.
మొన్న పని మధ్యలో లేచి వెళ్లి
లేతాకు ఒకటి తిప్పి చూసింది,
చేతిలో కుంచె అలాగే ఉంది.
నిండా నూగు, ఇంకా తెల్లగా.
కుర్రాడు చూస్తున్నాడని తెలిసి
"ఇది మందు కాదులే" అంది,
కుండని ఎండలోకి జరిపింది.