నిలబడితేనే వణుకు

ఉరికితే ఏం లేదు బండికి.
ట్యాంక్‌బండ్ మీద నాలుగు వందల కుర్చీలు,
పన్నెండు డేగిశలు, షామియానా గుంజలు మోసుకుంట
ఏనుగు లెక్క పోతది.
ముషీరాబాద్ సిగ్నల్ కాడ ఆపితే చాలు,
చలిజ్వరం.
స్టీరింగ్ వణుకుతది, అద్దం వణుకుతది,
అద్దంల నా మొఖం రెండైతది,
ఆఖరికి ఒక్క దగ్గు దగ్గి
ఇంజన్ చచ్చిపోతది.
ఎనకున్న ఆటోలన్నీ ఒక్క గొంతుతోని తిడతయి.

మిలిటరీ వేలంల కొన్న పాత నిస్సాన్,
ఆరు సిలిండర్ల పెట్రోల్ బండి.
ఆకుపచ్చ మీద నీలం కొట్టించి
మల్లన్న టెంట్ హౌస్, కవాడిగూడ అని రాయించిన.
గీసుకపోయిన కాడల్లా ఇంకా పచ్చగనే ఉంటది.

మూడు నెలలు.
ప్లగ్గులన్నరు, మార్చిన.
పాయింటన్నరు, కండెన్సరన్నరు,
రాణిగంజ్‌ల ప్రతి దుకాణపోడు నాకు చుట్టమైండు.
పెట్రోల్ల కల్తీ అన్నడొకడు, బంకు మార్చిన.
బామ్మర్ది దిష్టి అన్నడు, నిమ్మకాయ గట్టిన.
ఇగ కార్బురేటర్ స్క్రూనైతే
చేతిల స్క్రూడ్రైవరున్న ప్రతోడూ ఒక సుట్టు తిప్పిండు.

భోయిగూడ టింబర్ డిపోల సందుల
జిలానీ ఉస్తాద్ షెడ్డు.
డెబ్బయి దాటినయి. కుర్చీల కూసుంటే
కుడి చెయ్యి దానంతటదే వణుకుతది,
కనిపించని తస్బీ తిప్పుతున్నట్టు.
ఈయననా, అనుకున్న. అబద్ధమెందుకు.

స్టార్ట్ జెయ్ అన్నడు.
బానెట్ లేపి ఏదీ ముట్టలే.
కండ్లు మూసుకొని నిలబడ్డడు
పక్కింట్ల కొట్లాట ఇంటున్నట్టు.
తర్వాత ఒక్కొక్క ప్లగ్గు వైరు పీకిండు.
ఒకటోది పీకితే ఇంజన్ కుంగింది. మళ్ల పెట్టిండు.
రెండోది. కుంగింది.
మూడోది పీకిండు,
ఇంజన్‌కు తెల్వనే లేదు.

"తినేది ఆరుగురు,
పనికి పోయేది ఐదుగురే భాయ్."

ప్లగ్గు తీసి చూపిండు.
మొన్న కొన్నదే, సున్నం లెక్క తెల్లగున్నది.
"గాలెక్కువైంది దీనికి. అందరు స్క్రూ తిప్పిరి,
గాలి ఏడికెల్లి జొరబడుతుందో ఎవ్వడు సూడలే."

గజం పొడుగు రబ్బరు పైపు,
ఒక కొన చెవుల, రెండో కొన మానిఫోల్డ్ పొంటి.
పామును నడిపిచ్చినట్టు మెల్లగ జరిపి
మూడో సిలిండర్ కాడ ఆగి
పైపు నా చెవికిచ్చిండు.
స్స్‌స్స్.
రాత్రి గ్యాసు పొయ్యి బందు జేసుడు మర్చిపోయినట్టు.
గాస్కెట్ పగిలింది. ఎంత? గోరంత.

రేస్ ఇస్తే గోరంత గాలి లెక్కల రాదు,
పెద్ద గాలిల కొట్టుకపోతది.
నిలబడి, సన్నగ ఊపిరి తీసేటప్పుడే
అది కొండంత.
ఉస్తాద్ జెప్పలే ఇది,
పానా అందిచ్చుకుంట నేనే అనుకున్న.

ఆ గాస్కెట్ రాణిగంజ్‌ల దొరకది, నా చుట్టాల కాడ లేదు.
ప్యాకింగ్ షీటు మీద మానిఫోల్డ్ పెట్టి
చిన్న సుత్తెతోని అంచుల పొంటి
టక్ టక్ టక్, దర్జీ పని.
సుత్తె పట్టినంక చెయ్యి వణుకలే.
ఒక్కసారి గూడ.
దొంగసూపు సూస్తనే ఉన్న నేను.

ఇంతమంది తిప్పిన స్క్రూ
మొత్తం లోపలికి, మళ్ల రెండు సుట్లు ఎనక్కి.
పావు సుట్టు ఇటు. అంతకన్న తక్కువ అటు.
ఇంజన్ గొంతు సవరించుకుంది.
ఏం జెప్పాలె,
డిపోల రంపం సప్పుడు
అప్పుడు ఇనబడ్డది నాకు.

చాయ్ వొచ్చింది.
నా కప్పు ట్యాపెట్ కవర్ మీద పెట్టిన, పరీక్షకు.
మీగడ కదల్లే.
ఉస్తాద్ కుర్చీల కూసొని తన కప్పందుకున్నడు.
పని అయిపోయింది గద,
చాయ్ సాసర్లకు, సాసర్లకెల్లి లుంగీ మీదికి.
ఇంకో బండి ఉందా నీ కాడ, అన్నడు నన్ను సూడకుంట.

లేదు.
హార్న్ మోగుతలేదు ఉస్తాద్, అన్న.

పొద్దున సందంతా హార్న్ కొట్టుకుంటనే వొచ్చిన,
ఆయన ఇన్నడు.
కప్పు కింద పెట్టి
స్క్రూడ్రైవర్ కోసం లేసిండు.