మూడో బేస్ మీద ఓదెలు

ఇయ్యాల్టితోని సీజన్ అయిపోయింది.
స్కోరు బుక్కుల ఇంకా పదకొండు పేజీలు తెల్లగనే ఉన్నయి.
పెన్సిలు మాత్రం బొటనవేలంత మిగిలింది.

జూన్ల మొదలుపెట్టినం, పరకాల హైస్కూల్ గ్రౌండ్ల.
యాకయ్య సున్నం డబ్బ పట్టుకొని గీత గీసుకుంట పోతుంటే
ఎనుకనుంచి ఒక బర్రె ఆ గీతనే తొక్కుకుంట వచ్చింది.
ఆరు జట్లు. జట్టుకు పది ఆటలు.
చూసెటోళ్లు చాయ్ రాజమౌళితోని కలిపి తొమ్మిది మంది.
"గిదేం ఆట, క్రికెట్టా, చిర్రగోనెనా?"
బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషి అడిగిండు.
"ఇంట్లకెల్లి బయలెల్లి, మూడు జాగలు తిరిగి,
మల్ల ఇంటికే రావాలె, గంతే" అన్న.
"గా మాత్రం దానికి కట్టె దేనికిరా" అనుకుంట
భూపాలపల్లి బస్సెక్కిండు.

నేను ఎన్నడు ఆడలే.
పోస్టాఫీసుల ఉత్తరాలు ఏరే చేతులు నావి.
ఎవలు యాడిదాంక వచ్చి ఆగిండ్రో రాసుడే నా పని.

బాలు ఒకటే ఉండె మాకు.
కుట్లు ఊడినప్పుడల్లా అంగడి కాడ సమ్మయ్య
చెప్పుల దారంతోని కుట్టి ఇచ్చేటోడు.
ఆగస్టు కల్లా అది బాలు లెక్క లేదు,
ఆపరేషనైన మోకాలు లెక్క ఉండె.
ఒకపారి మక్కచేన్ల పడ్డది.
రెండు జట్లోళ్లం కలిసి లెంకినం, అంపైర్ సారు సుత.
బాలు దొరకడానికి ముందే
తలా ఒక కంకి దొరికింది.

బానోతు హరిలాల్‌ది ఎడమ చెయ్యి వాటం.
వానికి సరిపోయే గ్లవ్ జిల్లాల లేదు.
ఉత్త చేతులతోని ఏడు క్యాచులు పట్టిండు,
ఎనిమిదోది జారింది.
జారినదానికి బుక్కుల ఒక గుర్తున్నది.
ఉత్త చేతులకు లేదు.

పేజీ అడుగున ఒక చిన్న గడి ఉంటది, ఎవలు చూడరు.
బేస్‌ల మీద మిగిలిపోయినోళ్ల లెక్క.
నిన్నటిదాంక మా జట్టుకు అరవై నలుగురు.
అండ్ల ఇరవై మూడు మంది మూడో బేస్ కాడనే,
ఇల్లు కండ్లకు కనవడంగ,
మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని,
అవుతలోడు కొడితే ఉరుకుదామని.

ఇయ్యాల హుజూరాబాద్‌తోని.
గెలిస్తే సెమీస్, లేకుంటే ఇండ్లకు.
ఎల్లుండి ఎంగిలిపూలు,
రైట్ ఫీల్డ్ల గునుగు మోకాలెత్తు పెరిగింది,
ఎప్పుడు ఖాళీ చేస్తరా అని
గంపలు పట్టుకొని ఆడపోరగాండ్లు గోడెక్కి కూసున్నరు.
వాళ్లయి ఐదు, మాయి నాలుగు. ఇద్దరు అవుటు.
ఓదెలు మూడో బేస్ మీద.
జిన్నింగు మిల్లుల సగం దినం సెలవడిగి వచ్చిండు,
రేపటికెల్లి పత్తి మొదలు, రాత్రి డ్యూటీ.
మొగులు కమ్మింది. టైలర్ అఫ్జల్ బ్యాటెత్తిండు.
ఒకటి. రెండు.
మూడోది ఎటు పోయిందో నాకైతే కనవడలే,
క్యాచర్ చేతుల టప్పుమన్న చప్పుడైతే ఇనొచ్చింది.

అరవై ఐదు అని రాసిన.

అందరు చేతులు కలుపుకున్నరు, నీళ్లు తాగిండ్రు,
అఫ్జల్ బ్యాటును బండికి కట్టుకున్నడు.
యాకయ్య బేస్‌లు ఏరుకుంట వచ్చిండు,
వరిపొట్టు నింపిన గోనెసంచులే అవి.
మొదటిది, రెండోది సంకల పెట్టుకున్నడు.
మూడోదాని మీద ఓదెలు ఇంకా నిలబడే ఉన్నడు.
యాకయ్య జరుగుమనలే.
బీడీ ముట్టించుకొని అటు తిరిగి నిలబడ్డడు.

కొంచెంసేపటికి ఓదెలు దిగిండు.
ఉరకలే. సున్నం గీత పొంటి మెల్లగ నడిచి వచ్చి
ఇంటి పలక మీద ఒక కాలు పెట్టి,
టిఫిన్ డబ్బ తీసుకొని,
"పోయొస్తనే అన్నా" అని గేటు దిక్కు పోయిండు.

నడిచి వచ్చినోళ్లకు బుక్కుల గుర్తు లేదు.
పెన్సిలు చెవి మీద పెట్టుకున్న.
పోరగాండ్లు గోడ దుంకిండ్రు.
సీజనంత కలిపి చాయ్ పైసలు
మూడు వందల నలభై అంటున్నడు రాజమౌళి.