గోడ మీది తేదీ

జూలైలో తంపరా నీళ్ళు గట్టు దాటి
మొగలి పొదల మొదళ్ళలోకి వచ్చాయంటే
నా ఫోను ఆగదు.
ఛత్రపురం స్టేషను వెనక నుంచి ఒకరు: చెదలు.
క్వార్టర్స్ నుంచి ఇంకొకరు: బాత్రూములో జెర్రి.
ఒకామె ఒడియాలో ఏడుస్తుంది,
ఒకాయన తెలుగులో తిడతాడు.
పోక అన్నా పురుగన్నా
నా రేటు ఒకటే.

పదహారు లీటర్ల ట్యాంకు వీపుకెత్తుకుని
బండి మీద పోతుంటే
నిద్రపోతున్న పిల్లాణ్ణి మోస్తున్నట్టుంటుంది.
గతుకు వచ్చినప్పుడల్లా లోపల కదులుతాడు.

ముందు మందు కాదండీ, నీళ్ళు చూపించండి అంటాను.
ఫ్రిజ్ వెనక పళ్ళెం,
డాబా మీద మరిచిపోయిన టైరు,
వాన పట్టిన కొబ్బరి చిప్ప.
వారానికోసారి బోర్లిస్తే చాలంటాను.
ఎవరూ బోర్లించరు.
ఊరికే చెప్పిన మాట కదా, నమ్మరు.

కొర్లమ్మ ఇల్లు ఆఖరిది.
ఆ తర్వాత మొగలి, మొగలి తర్వాత నీళ్ళు.
ఫోను చేసింది మనవరాలు ఝున్నూ,
జ్వరం నుంచి లేచి నాలుగు రోజులైంది,
చెవుల కింద ఇంకా పసుపుపచ్చగా ఉంది.
టార్చి వేసి మొగలి ఆకు సందు చూపించాను.
గుక్కెడు నీళ్ళు,
అందులో తలకిందులుగా వేలాడే పిల్లలు,
కామాల్లాగా.
పువ్వు పన్నెండు రూపాయలకి బట్టీవాడు కొంటాడు.
మొగలి పొదని ఎవడు బోర్లిస్తాడు?

"ఒరే బాబూ, సుట్టూ కొట్టు.
ఈ గోడ ఒక్కటీ ముట్టుకోకు" అంది కొర్లమ్మ.

తూర్పు గోడ. తెల్లటి సున్నం మధ్య
జానెడు మేర పాత మట్టి.
దాని మీద గేరు రంగులో
గదులు రెండు, పాక ఒకటి,
పదకొండు, ఆరు, ఎనభై తొమ్మిది.
ఒడియా అంకెలే,
కానీ ప్రతి అక్షరానికీ నెత్తిన తెలుగు తలకట్టు.
మలేరియా డిపార్టుమెంటులో
అలా రాసే మనిషి ఒక్కడే.

"ఆ యేడు జొరానికి నా పెద్ద పిల్ల పోనాది.
ఆ మనిషొచ్చి కొట్టీసి ఎల్లినాక
ఈ ఇంట్లోంచి మరెవులూ పోనేదు.
ఎన్నిసార్లు సున్నమేసినా ఆ జానెడూ ఒగ్గీసినాను."

నేనేమీ అనలేదు.
ఆ మనిషికి చేతి తొడుగులు లేవు.
మధ్యాహ్నం అదే చేత్తో పఖాళ పిసుక్కుని తినేవాడు.
చివరి రెండేళ్ళు
మా ఇంట్లో అందరికంటే ముందు
ఆయన దగ్గు నిద్ర లేచేది.
అదీ చెప్పలేదు.

చెదలు మాత్రం సరిగ్గా అక్కడే ఎక్కాయి.
వేలెడు లావు మట్టిదారి,
నేల నుంచి ఎనభై మీదుగా తొమ్మిదిలోకి.
ఈనెపుల్లతో గీకాను, మెల్లగా,
పుండు మీద పక్కు తీసినట్టు.
మట్టితో పాటు తొమ్మిది తోక రాలిపోయింది.
కొర్లమ్మ చూసింది.
టార్చి కొంచెం పక్కకి తిప్పింది, అంతే.

గోడ మీద చుక్క పడనివ్వలేదు.
దాని అడుగున మూరకొక కన్నం తవ్వి
మందు పోసి సిమెంటు పెట్టాను.
"ఆ కడుగునీళ్ళు సెరువులో ఒంపకు,
అందులో సేప నానే తింటాను" అంది.
కడిగిన నీళ్ళూ చివరి కన్నంలోనే ఒంపాను.

లేవబోతుంటే అడిగింది:
"తేదీ రాయవేటి? ఆయన రాసీవోడు."
గేరు లేదు. ఇటికె ముక్క దొరికింది.
పాతదాని కింద వంగి రాశాను.
ఝున్నూ పక్కనుంచి చూసి పకపకా నవ్వింది,
జ్వరం తర్వాత మొదటిసారేమో.
"అంకుల్, మీ ఒడియా టోపీ పెట్టుకుంది!"

డబ్బులు తీసుకోలేదనుకునేరు.
నాలుగొందలు అడిగాను.
మూడొందల యాభై ఇచ్చి
మిగతా యాభైకి ఎండుచేపలు పొట్లం కట్టింది.
వారంలో వచ్చి చూస్తానన్నాను.
ఆ టైరు బోర్లించమని
గేటు దగ్గర మళ్ళీ చెప్పాను.